40 కిలోహెర్ట్జ్ ట్రాన్స్‌డ్యూసర్: రెజొనెన్స్ ఎటు జరిగితే డ్రైవర్ అటు వెళ్లేలా చేయడం (ప్రాజెక్టు డైరీ)

ముందు కొలతలు

చేతిలో ఉన్నది 40 కిలోహెర్ట్జ్, 60 వాట్ల లాంజెవిన్ రకం ట్రాన్స్‌డ్యూసర్, అంటే కరెంటుని ఊపుగా మార్చే వస్తువు, క్లీనింగ్ ట్యాంకు కోసం. అది బాగా ఊగేది తన సహజ ఫ్రీక్వెన్సీ (రెజొనెన్స్) దగ్గరే, అది జరిగినప్పుడల్లా డ్రైవర్ (దానికి పవర్ ఇచ్చే సర్క్యూట్) వెంట వెళ్లేలా చేయడమే ఇక్కడి పని. ముందు అల్యూమినియం ముక్క, వెనక స్టీల్ ముక్క, మధ్యలో రెండు పీజెడ్‌టీ (వోల్టేజ్ ఇస్తే కదిలే సిరామిక్) రింగులు, అన్నిటినీ కలిపి బిగించే బోల్టు. మొదటి ప్రపంచ యుద్ధం టైంలో సబ్‌మెరైన్ల జాడ తెలుసుకోడానికి పాల్ లాంజెవిన్ క్వార్ట్జ్‌ని స్టీల్ పలకల మధ్య పెట్టి చేసినదానికి ఇది వారసురాలు, క్వార్ట్జ్ పోయి పీజెడ్‌టీ వచ్చింది, పలకలు అంటించే బదులు బోల్టు వేస్తున్నారు. సిరామిక్ నొక్కుడుకి బాగా తట్టుకుంటుంది గానీ లాగితే పగులుతుంది, ముందే గట్టిగా నొక్కి ఉంచితే ఎంత ఊగినా లాగుడులోకి పోదు, బోల్టు ఉన్నది అందుకే. కాబట్టి దాన్ని విప్పి చూడాలనే ఆలోచన పెట్టుకోకండి, టార్క్ మారిందంటే రెజొనెన్స్ కూడా మారిపోతుంది.

ఈ రెండు లోహాల్లోనూ శబ్దం సెకనుకి దాదాపు 5000 మీటర్లు పోతుంది, 40 కిలోహెర్ట్జ్ దగ్గర వేవ్‌లెంగ్త్ 125 మిల్లీమీటర్లు, అందులో సగం 62. సిరామిక్‌లో వేగం తక్కువ కాబట్టి అసలు పొడవు ఇంకాస్త తక్కువే ఉంటుంది. అంటే ఫ్రీక్వెన్సీని డిసైడ్ చేసేది ఆ లోహం ముక్కల పొడవు, మనం పెట్టే ఎలక్ట్రానిక్స్ కాదు, మన సర్క్యూట్ వెళ్లి దాన్ని అందుకోవాలి అంతే.

కొలవడానికి పెద్ద ఎనలైజర్ ఏమీ అక్కర్లేదు. సిగ్నల్ జెనరేటర్, సిరీస్‌లో 100 ఓమ్స్ రెసిస్టర్, ఆసిలోస్కోప్. ట్రాన్స్‌డ్యూసర్‌ని మెత్తటి ఫోమ్ మీద పెట్టి, దాని రెండు టెర్మినల్స్ మధ్య వోల్టేజ్ చూస్తూ 10 హెర్ట్జ్ చొప్పున ఫ్రీక్వెన్సీ పెంచుకుంటూ పోవడమే. ఒకచోట వోల్టేజ్ ధడేల్మని పడిపోతుంది, అది సిరీస్ రెజొనెన్స్. ఇంకా పైకి వెళ్తే ఒకచోట పీక్ వస్తుంది, అది ప్యారలల్ రెజొనెన్స్. నా పీస్‌కి డిప్పు 39.64 కిలోహెర్ట్జ్ దగ్గర, పీక్ 41.30 దగ్గర వచ్చాయి. డిప్పు దగ్గర ఇంపీడెన్స్ (కరెంట్‌కి అడ్డు) 20 ఓమ్స్. జెనరేటర్‌ని ఆ ఫ్రీక్వెన్సీ మీదే ఉంచి, ముందు ముఖం మీద వేలు ఇలా ఆనించగానే స్కోప్ మీద ట్రేస్ లేచి నిలబడుతుంది, వేలు తీస్తే మళ్లీ కిందకి దిగుతుంది. అంత చిన్న లోడుకే అంత తేడా అంటే నీళ్లలో పెడితే ఏమవుతుందో అప్పుడే అంచనా వచ్చేసింది.

ఒక జాగ్రత్త, స్వీప్ నెమ్మదిగా చేయండి. క్యూ (రెజొనెన్స్ ఎంత పదునుగా ఉందో చెప్పే నంబరు) ఎక్కువ ఉన్న వస్తువు ఊపందుకోడానికి టైం పడుతుంది, ఇక్కడ టైం కాన్‌స్టంట్ 5 మిల్లీసెకన్ల దాకా ఉంది, ప్రతి స్టెప్ దగ్గరా కనీసం 25, 30 మిల్లీసెకన్లు ఆగకపోతే డిప్పు పక్కకి జరిగి, లోతు తగ్గి కనిపిస్తుంది.

ఆ నంబర్లలోంచి మోడల్

ఈక్వివలెంట్ సర్క్యూట్ అందరికీ తెలిసిందే, ఒక పక్క ఉత్త కెపాసిటర్, దాన్ని సీ-జీరో అందాం, దానికి ప్యారలల్‌గా ఇంకో కొమ్మలో ఎల్, సీ, ఆర్ సిరీస్‌లో. ఈ రెండో కొమ్మే అసలు ఊగే మెకానికల్ భాగం, దాన్ని మోషనల్ బ్రాంచ్ అంటారు. ఎల్‌సీఆర్ మీటరు 1 కిలోహెర్ట్జ్ దగ్గర 4.2 నానోఫారడ్ చూపించింది, ఇది రెండు కెపాసిటర్ల మొత్తం. 41.30ని 39.64తో భాగించి, స్క్వేర్ చేసి, ఒకటి తీసేస్తే 0.0855 వస్తుంది, ఇది రెండు కెపాసిటర్ల నిష్పత్తి. అలా సీ-జీరో 3.87 నానోఫారడ్, మోషనల్ కెపాసిటర్ 0.33 నానోఫారడ్, మోషనల్ ఇండక్టెన్స్ దాదాపు 49 మిల్లీహెన్రీ. ఆర్ 20 ఓమ్స్ అయితే క్యూ 600, బ్యాండ్‌విడ్త్ 65 హెర్ట్జ్.

ఈ 65 హెర్ట్జ్ అనే నంబరు గుర్తుపెట్టుకోండి, ముందు ముందు డిజైన్ అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

16 మెగాహెర్ట్జ్ ఆర్డ్యూనో టైమర్‌తో నేరుగా పల్స్ ఇద్దామని చాలామంది మొదలుపెడతారు, 400 కౌంట్లకి 40 కిలోహెర్ట్జ్, 401కి 39.9 కిలోహెర్ట్జ్, అంటే ఒక్క కౌంటుకి 100 హెర్ట్జ్ దూకుడు. రెజొనెన్స్ వెడల్పే 65 అయితే మధ్యలో ఉన్న శిఖరం మీద కాలు పెట్టే ఛాన్సే లేదు, అటు పక్క గానీ ఇటు పక్క గానీ పడతాం. 72 మెగాహెర్ట్జ్ ఎస్‌టీఎం32 మైక్రోకంట్రోలర్‌లో స్టెప్ 22 హెర్ట్జ్‌కి తగ్గుతుంది, పర్లేదు గానీ తృప్తిగా ఉండదు. ఏడీ 9833 అనే, ఫ్రీక్వెన్సీ తయారుచేసే చిప్పు 25 మెగాహెర్ట్జ్ క్లాకుతో, 28 బిట్ల రిజిస్టరుతో 0.1 హెర్ట్జ్ లోపు స్టెప్ ఇస్తుంది. కాబట్టి డిజిటల్‌కి వెళ్లినప్పుడు అదే వాడాలని ఇక్కడే ఫిక్స్ అయ్యా. ముందు మాత్రం అనలాగ్‌లో 4046తో (రెండు సిగ్నళ్ల ఫేజ్ కలిసేదాకా ఫ్రీక్వెన్సీని జరిపే ఫేజ్ లాక్డ్ లూప్ చిప్పు) చేసి చూద్దామని, లూప్ ప్రవర్తన కళ్లముందు కనపడుతుంది కదా అని.

పవర్ స్టేజి

హాఫ్ బ్రిడ్జి (రెండు మాస్‌ఫెట్ స్విచ్‌లు), ఐఆర్ 2184 గేట్ డ్రైవర్ (ఇందులోనే 500 నానోసెకన్ల డెడ్‌టైం, అంటే రెండు స్విచ్‌లూ ఆఫ్‌లో ఉండే విరామం, ఉంది, ఒకే ఇన్‌పుట్ చాలు), ఫెర్రైట్ కోర్ ట్రాన్స్‌ఫార్మర్, దాని తర్వాత ట్రాన్స్‌డ్యూసర్. ఇక్కడ ఎక్కువ రాయాల్సింది లేదు, ఒక్క విషయం తప్ప. స్క్వేర్ వేవ్‌ని నేరుగా సీ-జీరో మీద వేస్తే ప్రతి అంచు దగ్గరా కరెంట్ ముల్లులా లేస్తుంది, మాస్‌ఫెట్లు వేడెక్కుతాయి, సెన్సింగ్ అంతా నాయిస్‌తో నిండిపోతుంది. మధ్యలో 1 మిల్లీహెన్రీ సిరీస్ ఇండక్టర్ పెట్టా. సీ-జీరోతో కలిపి దాని రెజొనెన్స్ 81 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది, అటు 40కీ, ఇటు మూడో హార్మోనిక్ 120కీ దూరంగా. ట్రాన్స్‌డ్యూసర్ మీద ఇప్పుడు చక్కటి సైన్ వేవ్ ఉంది. పైగా బ్రిడ్జికి లోడు కాస్త ఇండక్టివ్‌గా కనబడటం వల్ల మాస్‌ఫెట్లు జీరో వోల్టేజ్ దగ్గరే ఆన్ అవుతున్నాయి, హీట్‌సింక్ మీద చెయ్యి పెట్టి ఉంచుకోగలుగుతున్నా.

ఇంకోటి, ఇది ప్రాణం మీదకి తెచ్చే సంగతి కాబట్టి గట్టిగా చెప్తున్నా. నీళ్ల లోడులో ఆర్ 300 ఓమ్స్ అనుకుంటే 60 వాట్లకి 134 వోల్ట్స్ ఆర్‌ఎంఎస్ కావాలి. అదే 134 వోల్ట్స్‌ని గాల్లో ఉన్న ట్రాన్స్‌డ్యూసర్‌కి, 20 ఓమ్స్‌కి, సరిగ్గా రెజొనెన్స్ మీద ఇస్తే లెక్క ప్రకారం 900 వాట్లు. సిరామిక్ పగులుతుంది. ఫ్రీక్వెన్సీ ఎంత బాగా కలిస్తే ఈ ప్రమాదం అంత పెరుగుతుంది, ట్యూనింగ్ సరిగ్గా లేని డ్రైవర్లు గాల్లో బతికిపోయేది ట్యూనింగ్ లేకపోవడం వల్లే. అందుకని గాల్లో చేసే టెస్టులన్నీ తక్కువ డీసీ బస్ వోల్టేజ్ మీద, కరెంట్ లిమిట్ పెట్టి. అలాగే టెర్మినల్స్ మీద 1 మెగాఓమ్ బ్లీడర్ (చార్జ్‌ని మెల్లిగా తీసేసే రెసిస్టర్) శాశ్వతంగా ఉంచేశా, ఎందుకంటే డ్రైవర్‌కి కనెక్షన్ లేకపోయినా వేడెక్కి చల్లారేటప్పుడు పీజెడ్‌టీ దానంతటదే చార్జ్ అవుతుంది, ముట్టుకుంటే షాక్ కొడుతుంది.

4046తో మొదటి లాక్

ఐడియా సింపుల్. ట్రాన్స్‌డ్యూసర్ వోల్టేజ్‌నీ కరెంట్‌నీ రెండు కంపారేటర్లతో స్క్వేర్ చేసి 4046లోని రెండో ఫేజ్ కంపారేటర్‌కి ఇవ్వడం, వచ్చిన ఎర్రర్‌ని ఫిల్టర్ చేసి వీసీఓకి (వోల్టేజ్‌ని బట్టి ఫ్రీక్వెన్సీ మార్చే ఆసిలేటర్), వీసీఓ నుంచి గేట్ డ్రైవర్‌కి. మొదటి కంపారేటర్ ఉత్త ఎక్స్‌ఆర్ గేటే కాబట్టి మధ్య ఫ్రీక్వెన్సీలో 90 డిగ్రీల తేడాతో లాక్ అవుతుంది, హార్మోనిక్స్‌కి కూడా మోసపోతుంది, మనకి సున్నా డిగ్రీలు కావాలి కాబట్టి రెండోదే. వీసీఓ రేంజ్‌ని 38 నుంచి 41 కిలోహెర్ట్జ్ మధ్య బంధించా. వదిలేస్తే లూప్ పోయి ఏ రేడియల్ మోడ్ మీదో, వంగుడు మోడ్ మీదో కూర్చుంటుంది, అక్కడా ఫేజ్ సున్నా దాటుతుంది కదా, లూప్‌కి ఏది మనకి కావాల్సిన మోడో ఎలా తెలుస్తుంది.

వోల్టేజ్ శాంపిల్‌ని వీసీఓ దగ్గర తీసుకోకుండా ట్రాన్స్‌డ్యూసర్ టెర్మినల్స్ దగ్గరే తీసుకున్నా, అలా అయితే గేట్ డ్రైవర్ ఆలస్యం, డెడ్‌టైం, సిరీస్ ఇండక్టర్ తెచ్చే ఫేజ్ అన్నీ లెక్కలోంచి పోతాయి. కంపారేటర్ విషయంలో కూడా పిసినారితనం పనికిరాదు. ఎల్ఎం393 స్పందించడానికి 1.3 మైక్రోసెకన్లు, పీరియడ్ 25 మైక్రోసెకన్లు, అంటే దాదాపు 19 డిగ్రీలు. రెండు చానెళ్లలో ఒకే చిప్పు ఉంటే ఆలస్యం రద్దయిపోతుంది కదా అనిపిస్తుంది, కానీ కరెంట్ సిగ్నల్ చిన్నగా ఉన్నప్పుడు ఆలస్యం మారిపోతుంది, పూర్తిగా రద్దు కాదు. ఎల్ఎం311లు వేశా, 200 నానోసెకన్లు, 3 డిగ్రీల లోపే.

గాల్లో లాక్ అద్భుతంగా వచ్చింది. ఆన్ చేయగానే 39.64 మీద నిలబడింది, జెనరేటర్‌తో కొలిచిన డిప్పుకి 10 హెర్ట్జ్ కూడా తేడా లేదు. వేలు ఆనిస్తే ఫ్రీక్వెన్సీ కొద్దిగా జరుగుతుంది, తీస్తే వచ్చేస్తుంది. స్కోప్ మీద వోల్టేజ్, కరెంట్ రెండు ట్రేసులూ ఒకేచోట సున్నా దాటుతుంటే చూస్తూ కూర్చోవాలనిపించింది.

ట్యాంకుకి అంటించాక

స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యాంకు అడుగున ఎపాక్సీతో అంటించి, పూర్తిగా గట్టిపడనిచ్చి, నీళ్లు పోశా. ప్లేటు బరువు కూడా కలవడంతో రెజొనెన్స్ కిందకి, 39.2 దగ్గరికి దిగింది, అది అనుకున్నదే. అనుకోనిది ఏంటంటే, కొంచెం నీళ్లున్నంతవరకు లాక్ బాగానే ఉంది, నీళ్లు పెంచుతుంటే లాక్ ఫ్రీక్వెన్సీ మెల్లిగా పైకి పాకడం మొదలుపెట్టింది, ఒక మట్టం దగ్గర ఉన్నట్టుండి లూప్ వదిలేసి వీసీఓ రేంజ్ చివరికి పోయి అతుక్కుంది. ఇంకొంచెం నీళ్లు పోస్తే మళ్లీ లాక్. ఇంకొంచెం పోస్తే మళ్లీ పోయింది.

లూప్ ఫిల్టర్ మార్చి చూశా, గెయిన్ మార్చి చూశా, ఏ తేడా లేదు, అంటే సమస్య లూప్‌లో లేదు. అప్పుడు పేపర్ మీద మోడల్ తీసుకుని కూర్చున్నా.

అసలు కిటుకు ఇక్కడుంది. మనం కొలుస్తున్న కరెంట్‌లో రెండు భాగాలున్నాయి, ఊగే కొమ్మ కరెంటు, సీ-జీరో కరెంటు. సీ-జీరోది ఎప్పుడూ 90 డిగ్రీలు ముందుంటుంది. గాల్లో మోషనల్ కరెంట్ చాలా పెద్దది కాబట్టి సీ-జీరోది లెక్కలోకి రాదు, మొత్తం కరెంట్ ఫేజ్ సున్నా అయ్యే చోటుకీ అసలు రెజొనెన్స్‌కీ తేడా 1 హెర్ట్జ్ కూడా ఉండదు. లోడు పెరిగి ఆర్ పెద్దదయ్యేకొద్దీ మోషనల్ కరెంట్ చిన్నదవుతుంది, సీ-జీరో కరెంట్‌ని రద్దు చేయడానికి లూప్ ఇంకా పైకి, మోషనల్ కొమ్మ ఇండక్టివ్‌గా ఉండే వైపుకి పోవాల్సి వస్తుంది. 300 ఓమ్స్ దగ్గర ఈ జరుగుడు 150 హెర్ట్జ్ పైనే. నిజానికి ఫేజ్ సున్నా అయ్యే పాయింట్లు రెండు, సిరీస్ రెజొనెన్స్ పక్కన ఒకటి, ప్యారలల్ రెజొనెన్స్ పక్కన ఒకటి, లోడు పెరుగుతుంటే కిందది పైకి, పైది కిందకి జరుగుతూ వచ్చి చివరికి రెండూ కలిసిపోతాయి. ఎప్పుడు కలుస్తాయంటే ఆర్ సరిగ్గా సీ-జీరో రియాక్టెన్స్‌లో (ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర కెపాసిటర్ ఇచ్చే అడ్డు) సగం అయినప్పుడు. సీ-జీరో రియాక్టెన్స్ ఇక్కడ 1038 ఓమ్స్, సగం 519. ఆర్ ఆ 519 దాటిందా, ఏ ఫ్రీక్వెన్సీ పెట్టినా మొత్తం కరెంట్ వోల్టేజ్ కంటే ముందే ఉంటుంది, ఫేజ్ సున్నా అనేదే ఉండదు. లేని పాయింటు మీద ఎంత మంచి లూప్ అయినా ఎలా లాక్ అవుతుంది? రేంజ్ చివరికి పోయి నిలబడటం తప్ప దానికి దారి లేదు.

వదిలేసిన మట్టం దగ్గర వేరేగా కొలిస్తే ఆర్ 600 దాకా వచ్చింది. అక్కడ కూడా మెకానికల్ రెజొనెన్స్ నిక్షేపంగా ఉంది, దాన్ని చూసే పద్ధతే మార్చాలి.

సీ-జీరోని కళ్లముందు నుంచి తీసేయడం

మొదట ప్యారలల్ ఇండక్టర్ పెట్టా, సీ-జీరోని రద్దు చేయడానికి 4.2 మిల్లీహెన్రీ, ఫెర్రైట్ కోర్‌కి గ్యాప్ ఇచ్చి. పనిచేసింది, 600 ఓమ్స్ దగ్గర కూడా లాక్ నిలబడింది. కానీ ఇండక్టర్ ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గరే సరిగ్గా రద్దు చేస్తుంది, గ్యాప్‌ని వెంట్రుకవాసి తేడాలతో సరిచేసుకుంటూ కూర్చోవాలి, ట్రాన్స్‌డ్యూసర్ మారిస్తే మళ్లీ మొదటికి.

దీనికంటే నాకు నచ్చింది కెపాసిటర్ పద్ధతి. కరెంట్‌ని కొలిచే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ రింగులోంచి ట్రాన్స్‌డ్యూసర్ వైరు ఒక దిక్కుగా పోతుంది. అదే పాయింటు నుంచి ఇంకో వైరు తీసి, రింగులోంచి వ్యతిరేక దిక్కుగా పంపించి, 3.9 నానోఫారడ్ పాలీప్రొపిలీన్ కెపాసిటర్ ద్వారా గ్రౌండ్‌కి కలిపా. ఈ కెపాసిటర్ కరెంట్, సీ-జీరో కరెంట్ రెండూ సమానం, రింగులో ఎదురెదురుగా పోతాయి కాబట్టి రద్దయిపోతాయి, సెకండరీలో మిగిలేది మోషనల్ కరెంట్ ఒక్కటే. ఏ ఫ్రీక్వెన్సీలోనైనా రద్దు జరుగుతుంది, ట్యూన్ చేయాల్సింది ఏమీ లేదు, హై వోల్టేజ్ తట్టుకునే మంచి కెపాసిటర్ అయితే చాలు. ఇప్పుడు ఫేజ్ సున్నా అంటే సరిగ్గా సిరీస్ రెజొనెన్సే, ఆర్ 20 అయినా 600 అయినా. అదే ట్యాంకులో నీళ్లు పోస్తూ పోతే లాక్ ఒక్కసారి కూడా వదల్లేదు. పైకి పాకడం కూడా ఆగిపోయింది.

చిన్న లోపం ఉంది. పీజెడ్‌టీ వేడెక్కితే సీ-జీరో పెరుగుతుంది, బయట పెట్టిన కెపాసిటర్ అలా పెరగదు, కాబట్టి వేడిలో కొంచెం సీ-జీరో కరెంట్ మిగిలిపోతుంది. మొత్తం 3.87తో పోలిస్తే ఆ మిగిలేది తక్కువే కాబట్టి లాక్‌కి ఢోకా లేదు.

వేడి, ఆంప్లిట్యూడ్

పవర్ పెంచి కాసేపు నడిపితే ఫ్రీక్వెన్సీ కిందకి దిగుతూ పోతుంది. చల్లగా ఉన్నప్పటికీ, కేస్ 55 డిగ్రీలకి వచ్చేసరికీ మధ్య 160 హెర్ట్జ్ దాకా తేడా చూశా. గాల్లో 65 హెర్ట్జ్ వెడల్పున్న వస్తువుకి ఇది రెండు వెడల్పుల కంటే ఎక్కువ, అంటే ఉదయం ఆన్ చేసినప్పుడు చేత్తో ట్యూన్ చేసి వదిలేస్తే మధ్యాహ్నానికి పూర్తిగా రెజొనెన్స్ బయట ఉంటాం. ఫిక్స్‌డ్ ఫ్రీక్వెన్సీ మీద నాకు నమ్మకం లేనిది ఇందుకే.

వేడి వేరు, ఆంప్లిట్యూడ్ వేరు. గట్టిగా ఊపితే సిరామిక్ కాస్త మెత్తబడినట్టు ప్రవర్తించి రెజొనెన్స్ వెంటనే కిందకి వంగుతుంది, వేడెక్కేదాకా ఆగదు. దీనివల్ల పై నుంచి కిందకి స్వీప్ చేస్తే ఒక గ్రాఫ్, కింద నుంచి పైకి చేస్తే ఇంకో గ్రాఫ్ వస్తుంది, మధ్యలో ఆంప్లిట్యూడ్ ఒక్కసారిగా దూకుతుంది. కరెంట్ ఎక్కడ ఎక్కువుందో వెతుక్కుంటూ అటూ ఇటూ జరిగే పద్ధతి ఇక్కడ తికమకపడి శిఖరం అంచు నుంచి జారిపోతుంది. ఫేజ్ పట్టుకుంటే ఆ బాధ ఉండదు, ఆంప్లిట్యూడ్ దూకే చోట కూడా ఒక్కో ఫేజ్‌కి ఒక్క పాయింటే ఉంటుంది. అందుకే స్టార్టింగ్ కూడా పై నుంచి, తక్కువ వోల్టేజ్ మీద లాక్ పట్టి, తర్వాతే బస్ వోల్టేజ్ పెంచుతున్నా.

డిజిటల్‌కి మార్పు

లూప్ అర్థమైపోయింది కాబట్టి 4046 తీసేసి ఎస్‌టీఎం32, ఏడీ 9833 పెట్టా. ఫేజ్ కొలిచేది ఎక్స్‌ఆర్ గేటు, ముందా వెనకా చెప్పేది డీ ఫ్లిప్‌ఫ్లాప్. లూప్‌ని 5 మిల్లీసెకన్లకోసారి మాత్రమే కదిలిస్తున్నా, గాల్లో ట్రాన్స్‌డ్యూసర్ టైం కాన్‌స్టంటే అంత ఉంది, అంతకంటే తొందరపెడితే లూప్ ఊగులాడుతుంది. డిజిటల్ వల్ల వచ్చిన పెద్ద లాభం లాక్ నిజమైనదో కాదో చెక్ చేసుకోవడం. ఫేజ్ సున్నా ఉండి కరెంట్ ఉండాల్సినదానికంటే బాగా తక్కువ ఉంటే అది వేరే మోడ్, వెంటనే ఆపి పై నుంచి మళ్లీ మొదలుపెట్టమన్నా.

నీటి మట్టం, ఫాయిల్ టెస్టు

లాక్ గట్టిగా నిలబడ్డాక ఆర్ ఎలా మారుతుందో తీరిగ్గా చూశా. చిన్న కప్పుతో నీళ్లు పోస్తుంటే కరెంట్ ట్రేస్ పెరిగి, తగ్గి, మళ్లీ పెరుగుతుంది, ఒక పెరుగుడుకీ ఇంకో పెరుగుడుకీ మధ్య మట్టం తేడా 18 మిల్లీమీటర్ల చుట్టూ. నీళ్లలో శబ్దవేగం 1480, 40 కిలోహెర్ట్జ్‌కి వేవ్‌లెంగ్త్ 37 మిల్లీమీటర్లు, సగం 18.5, లెక్కతో సరిపోయింది. లాక్ వదిలేయడం, మళ్లీ పట్టుకోవడం మట్టాన్ని బట్టి ఎందుకు జరిగిందో కూడా దీంతో తేలిపోయింది.

ఫాయిల్ టెస్టులో ఇంకో సంగతి బయటపడింది. సన్నటి అల్యూమినియం ఫాయిల్‌ని నిలువుగా దింపి తీస్తే అడ్డంగా చారలు, ఒక చార నిండా చిల్లులు, పక్క చార నున్నగా, చారకీ చారకీ మధ్య అదే 18 మిల్లీమీటర్లు. ఫ్రీక్వెన్సీ ఎంత కదలకుండా నిలబెడితే స్టాండింగ్ వేవ్ అంత కదలకుండా నిలబడుతుంది, క్లీనింగ్‌కి అది మంచిది కాదు. వెల్డింగ్ హార్న్‌కి అయితే ఖచ్చితమైన లాక్ కావాలి, క్లీనింగ్ ట్యాంకుకి మాత్రం లాక్ పాయింటు చుట్టూ కొంచెం ఊపాలి. నీళ్లలో క్యూ 40 దగ్గరికి పడిపోతుంది, బ్యాండ్‌విడ్త్ దాదాపు 1000 హెర్ట్జ్, కాబట్టి అటూ ఇటూ 200 హెర్ట్జ్ ఊపినా పవర్ పెద్దగా పడదు. లూప్ సెంటర్‌ని పట్టుకుని ఉంటుంది, దాని మీద ఈ ఊపు కలుపుతున్నా, ఫేజ్‌ని ఊపు మొత్తానికి సగటు తీసి లూప్‌కి ఇస్తున్నా. చారల అంచులు చెదిరాయి, చిల్లులు ఇంకా సమంగా పడాలి, ఊపు స్పీడు మారుస్తూ చూస్తున్నా. కొత్తగా పోసిన నీళ్లలో కరిగిన గాలి ఉంటుంది కాబట్టి కాసేపు నడిపి గాలి పోయాకే ఫాయిల్ దింపండి, లేకపోతే టెస్టుని టెస్టుతో పోల్చలేం. చెవులకి రక్షణ కూడా మర్చిపోవద్దు, 40 కిలోహెర్ట్జ్ వినపడకపోయినా క్యావిటేషన్ (నీళ్లలో బుడగలు పుట్టి పగలడం) వల్ల 20 దగ్గర సబ్‌హార్మోనిక్, దాని కింద హిస్ చాలానే వస్తుంది.

తర్వాతి పని

ఒకే డ్రైవర్ మీద రెండు ట్రాన్స్‌డ్యూసర్లు ప్యారలల్‌గా పెట్టడం. రెండో పీస్ డిప్పు 39.81 దగ్గర వచ్చింది, గాల్లో అయితే ఈ 170 హెర్ట్జ్ తేడాకి రెండిటినీ ఒకే లూప్‌లో పెట్టడం కుదరదు, నీళ్లలో వెడల్పు ఎక్కువ కాబట్టి కుదరాలి. బయట కెపాసిటర్‌ని 7.8 నానోఫారడ్ చేసి, రెండిటికీ విడివిడిగా కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టి, ఎవరి వాటా ఎంతో ముందు కొలుస్తా. రెండో దానికి ఎపాక్సీ వేశా, ఇంకా ఆరుతోంది.